వీధి అరుగు - పంచాయతీ అనుమతి

గ్రామమున కొత్త ఇల్లు కట్టువాడు గోడలకును మిద్దెకును పంచాయతీ అనుమతి కోరును గాని, వీధి అరుగును గూర్చి అడుగుట అరుదు. తాతల నాటి నుండి ఉన్న అరుగునకు ఇప్పుడు కాగితమేమిటని ఆశ్చర్యపడును. సభ్యులలో పలువురు ఈ ప్రశ్నకు తడుముకొందురు. తమ ఇంటి అరుగు కూడ జ్ఞాపకమునకు వచ్చుటయే అందుకు ఒక కారణము కావచ్చును.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రజల రహదారి అను మాటకు విరివియైన అర్థము నిచ్చినది. బండి నడచు భాగము మాత్రమే వీధి కాదు. దాని ప్రక్క మురుగు కాలువయు వీధిలోనిదే. ఇరువైపుల ఆస్తుల హద్దుల వరకు గల నేల, దానిపై వసారాయో మరియొక కట్టడమో ఉన్నను, వీధియే. అనగా అరుగు ఇంటివారు కట్టినదైనను, హద్దు దాటినచో దాని క్రింది నేల ఊరిది. తెలంగాణమున 2018లో వేరు చట్టము వచ్చినందున అచ్చటి సభ్యులు దానిని చూచుకొనవలెను.

కావున సొంత స్థలములో వేయు అరుగును ఇంటి నమూనాలోనే చూపి అనుమతి పొందవలెను. స్థలము దాటి వేయు అరుగు వేరు సంగతి. పండ్రెండు అడుగుల సందులో ఇరువైపుల మూడేసి అడుగుల అరుగు, అడుగేసి మెట్టు వెలసినచో నడుమ మిగులునది నాలుగడుగులు. ఆ సందులో ప్రసవవేదన పడు స్త్రీని తీసికొనిపోవుటకు అంబులెన్సు రాజాలదు. ఇల్లంటుకొన్నను నీళ్ళ బండి వీధి మొదటనే నిలిచిపోవును. మెట్టు మురుగు కాలువను కప్పినచో పూడిక తీయువానికి చేయి పట్టదు.

అయితే హద్దు ఎచ్చట? చిక్కంతయు ఇందులోనే ఉన్నది. పొలములకు సర్వే నెంబర్లు, కొలతలు ఉన్నవి గాని, గ్రామకంఠములోని ఇండ్లను చాల చోట్ల విడివిడిగా కొలువలేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము ఈ లోటు తీర్చుటకే వచ్చినది. ఈ పథకము క్రింద డ్రోను ఎగురుటకు ముందు ఇండ్ల హద్దుల వెంబడి సున్నము పోయుదురు. ఆ దినమున సభ్యులు ఊరిలో లేకున్నచో, వీధిలోనికి జరిగిన అరుగు వెలుపలి అంచుననే సున్నము పడవచ్చును. పటములో అట్లే ఎక్కినచో తరువాత దిద్దుట కష్టము. ఇరుగుపొరుగు వారిని పిలిచి, వీధి వెడల్పును టేపుతో కొలిచి, అప్పుడే సున్నము పోయించుట మేలు.

పంచాయతీ తప్పు కూడ లేకపోలేదు. పాత సిమెంటు రోడ్డును త్రవ్వకుండ దానిపైననే కొత్త రోడ్డు వేయుదుము. వీధి జానెడు లేచును. వాన నీరు గడప దాటి లోనికి వచ్చును. ఇంటివాడు అరుగు ఎత్తు పెంచును. ఎత్తు పెరిగినచో మెట్టు పెరుగును, మెట్టు వీధిలోనికి దిగును, మోటారు సైకిలు ఎక్కుటకు వాలు కట్టించును. అతనికి నోటీసు ఇచ్చుటకు ముందు మన రోడ్డు మట్టమును చూచుకొనుట న్యాయము.

పాత మట్టి అరుగులనన్నిటిని ఒక్కనాడు పడగొట్టింపబూనుట తగవులకు దారి. దానిని సిమెంటుతో తిరిగి కట్టునప్పుడు కొలుచుట సులభము. పునాదికి ముగ్గు పోసిన నాడు కార్యదర్శితో పాటు ఒక సభ్యుడు వెళ్ళి చూచినచో జరుపవలసినది ముగ్గు మాత్రమే. నెల గడచినచో గోడ. చూరును మరువరాదు. అరుగు లోపలనే ఉండి రేకు వీధిపైకి వచ్చుటయు ఆక్రమణయే. కొలతలను అనుమతి పత్రముపై అడుగులు, అంగుళములతో వ్రాసి, ఒక ప్రతిని ఇంటివానికిచ్చి, రెండవ ప్రతిని కార్యాలయమున భద్రపరుపవలెను.