చిలగడదుంప బిళ్లలు

పిల్లలూ! మీరు చిలగడదుంపను చూశారు కదా! పైన ఎర్రని తోలు ఉంటుంది. లోపల తెల్లగానో, పసుపుపచ్చగానో, నారింజ రంగులోనో ఉంటుంది. దీనిని కొన్ని ఊళ్లలో గెనుసుగడ్డ అంటారు. ఫిజీలో కుమాలా అంటారు. న్యూజిలాండులో మావోరీ ప్రజలు కూమరా అంటారు. రిక్కార్టన్ అంగళ్లలో మీరు చదివే పేరు అదే. దుంప ఒకటే, పేర్లు మాత్రం నాలుగు!

ఈ దుంప సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. మావోరీల పూర్వులు వందల ఏండ్ల క్రితం దీనిని పడవలలో తెచ్చారు. ఇక్కడ చలి ఎక్కువ. అందుచేత వారు నేలలో గుంటలు తవ్వి, దుంపలు కుళ్లిపోకుండా దాచుకునేవారు.

రిక్కార్టన్ అనే పేరు కూడా సముద్రం దాటి వచ్చినదే. 1843లో విలియం డీన్స్, జాన్ డీన్స్ అనే అన్నదమ్ములు ఇక్కడ స్థిరపడ్డారు. స్కాట్లండులోని తమ ఊరి పేరును ఈ చోటికి పెట్టుకున్నారు. అంతకుముందే ఈ చోటికి మావోరీ భాషలో పుతరింగమోటు అనే పేరు ఉన్నది.

మీ పెద్దలు కూడా సముద్రం దాటినవారే. 1903 నుంచి 1916 వరకు తెలుగువారు, తమిళులు ఎందరో మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చేరారు. అయిదేండ్లు పని చేస్తామని ఒప్పందం మీద వేలిముద్ర వేశారు. ఆ ఒప్పందాన్నే గిర్మిట్ అన్నారు. వారు ఎండలో, వానలో చెరకు నరికారు. ఆ చెరకు నుంచి తీసిన ముడి చక్కెర ఓడలలో న్యూజిలాండుకు కూడా వచ్చేది. ఆక్లండులోని చెల్సీ కర్మాగారంలో దానిని తెల్ల చక్కెరగా మార్చేవారు. 1920లో గిర్మిట్ రద్దయింది. 1987 తరువాత ఫిజీ నుంచి చాలా కుటుంబాలు ఈ దేశానికి వచ్చాయి. చూశారా! మీ పెద్దలు చెమటోడ్చి పండించిన తీపి వారికంటె ముందే ఇక్కడికి చేరింది.

అంత కష్టపడి చేసిన చక్కెర అయినా, చిన్న పిల్లలకు ఎక్కువ పెట్టరాదు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు పళ్లను తినివేస్తుంది. అందుకని ఈ రోజు మనం చక్కెర వేయకుండా తీపి వంట చేద్దాం. మీ తమ్ముడికి, చెల్లెలికి పెడదాం.

కావలసినవి

చిలగడదుంపలు అర కిలో, సన్నని కొబ్బరి తురుము రెండు చెంచాలు, యాలకుల పొడి చిటికెడు.

చేసే విధము

పొయ్యి దగ్గర అమ్మగాని, నాయనమ్మగాని ఉండాలి. మీరు ఒక్కరే పొయ్యి వెలిగించరాదు.

దుంపలను మట్టి పోయేటట్లు కడగండి. తోలుతోనే చన్నీళ్లలో వేసి, సన్నని సెగమీద ఉడికించమని అమ్మను అడగండి. ఎందుకు సన్నని సెగ? దుంప మెల్లగా వేడెక్కేటప్పుడు అందులోని పిండిలో కొంత చక్కెరగా మారుతుంది. తొందరపడితే ఆ తీపి అంతగా రాదు.

ఉడికిన దుంపలు చల్లారిన తరువాత తోలు తీయండి. పప్పుగుత్తితో మెత్తగా మెదపండి. పీచు ఉంటే తీసివేయండి. కొబ్బరి, యాలకుల పొడి కలపండి. చేతులు కడుక్కొని, కొంచెం కొంచెం తీసుకొని అరచేతిలో ఒత్తి బిళ్లలు చేయండి. అంతే! బిళ్లలు తయారు.

ఉండలు కావు, బిళ్లలే!

మన ఇళ్లలో ఇటువంటివి గుండ్రంగా ఉండలు చేస్తారు. మనం బిళ్లలు ఎందుకు చేశాం? చిన్న పిల్లల గొంతు ఇరుకు. వారికి నమిలే పళ్లు ఇంకా సరిగా రావు. గుండ్రని వస్తువు గొంతులో బిరడాలాగా అడ్డుపడుతుంది. అప్పుడు ఊపిరి ఆడదు. అది ప్రాణానికే ముప్పు.

ద్రాక్షపండు తియ్యనిదే, మంచిదే. కాని దానిని చిన్న పిల్లలకు అలాగే ఇవ్వరాదు. నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. పచ్చి ఆపిల్, పచ్చి క్యారెట్ గట్టిగా ఉంటాయి. వాటిని సన్నగా తురమాలి, లేదా వేళ్లతో నొక్కితే నలిగేటంత మెత్తగా ఉడికించాలి. ఏడాది నిండని పాపకు తేనె పెట్టరాదు.

పిల్లలు కూర్చునే తినాలి. పరుగెత్తుతూ, నవ్వుతూ తినరాదు. పక్కన పెద్దవారు ఉండాలి. ఎవరికైనా ఊపిరి ఆడకపోతే వెంటనే కేకవేసి పెద్దలను పిలవండి. న్యూజిలాండులో 111కు ఫోను చేయాలి.

శనివారం ఉదయం రిక్కార్టన్ హౌస్ తోటలో రైతుల సంత జరుగుతుంది. అమ్మతో వెళ్లి ఏ నెలలో ఏ పండ్లు, ఏ కూరలు వస్తాయో చూడండి. ఇంటికి వచ్చి, మెత్తగా, చిన్నవారు తినదగినట్లు చేసి పెట్టండి. తమ్ముడికి తీపి ఇవ్వడం ప్రేమ. దానిని జాగ్రత్తగా ఇవ్వడం ఇంకా గొప్ప ప్రేమ.

అభ్యాసము

అ. జవాబులు చెప్పండి.
1. చిలగడదుంపకు ఉన్న పేర్లు ఏవి?
2. గిర్మిట్ అంటే ఏమిటి?
3. దుంపలను సన్నని సెగమీద ఎందుకు ఉడికించాలి?
4. ఉండలకు బదులు బిళ్లలు ఎందుకు చేశాం?

ఆ. ఖాళీలు పూరించండి.
1. ద్రాక్షపండును నిలువుగా ______ ముక్కలు చేయాలి.
2. ఉడికిన దుంపలను ______తో మెదపాలి.

ఇ. చేయండి.
చిలగడదుంపను మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో నాయనమ్మను, తాతయ్యను అడిగి రాసుకొని రండి.