నాచు తింటే పొట్ట బాగుపడుతుందా?

పై వీడియో చూసి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "స్పిరులినా, సముద్రపు నాచు తింటే అరుగుదల బాగుంటుందంట, నిజమేనండీ? మన చెరువులో నాచు పనికొస్తుందా?" వీడియోలో టైము చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన పొలం లెక్కలోనే చెప్పుకుందాం. జీవామృతం మొక్కకి నేరుగా ఎరువు కాదు. మట్టిలో సూక్ష్మజీవుల్ని పెంచుతుంది, అవి మొక్కకి పోషకాలు అందిస్తాయి. పెద్దపేగులో జరిగేదీ దాదాపు ఇదే. మనకి అరగని పీచు అక్కడిదాకా వెళ్తుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకి ముఖ్యమైన ఆహారం ఆ బ్యూటిరేటే.

సముద్రపు నాచు

దీంట్లో పీచు ఎక్కువ. స్వీట్లలో వేసే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి తీసిందే. అయితే ఆ పీచుని తినగలిగే బాక్టీరియా మన పొట్టలో ఉండాలి. 2010లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తరతరాలుగా నోరి నాచు తినే జపాన్ వాళ్ళ పేగు బాక్టీరియాలో, ఆ పీచుని విడగొట్టే జన్యువులు దొరికాయి. అవి సముద్రపు బాక్టీరియా నుంచి వచ్చినవి. పోల్చి చూసిన ఉత్తర అమెరికా వాళ్ళలో అవి కనబడలేదు. కాబట్టి వాళ్ళకి పనిచేసినట్టే మనకీ పనిచేస్తుందని అనుకోకూడదు. నేల మారితే సూక్ష్మజీవులు మారతాయి కదా!

స్పిరులినా

నిజానికి ఇది బాక్టీరియాయే. వరి మళ్ళలో నత్రజని పట్టే నీలి ఆకుపచ్చ నాచుకి చుట్టం. ఎండు పొడిలో సగానికి పైగా మాంసకృత్తులే. కణం గోడలో సెల్యులోజ్ ఉండదు కాబట్టి తేలిగ్గా అరుగుతుంది. కానీ పీచు తక్కువ, పైగా మనం తినేదే చెంచాడు. పేగు బాక్టీరియాకి మేలు చేస్తుందన్న ఫలితాలు ఎక్కువగా ఎలుకల మీద చూసినవే. బి12 కోసం కూడా దీన్ని నమ్ముకోవద్దు. ఇందులో ఉన్నదాంట్లో చాలా భాగం మన ఒంటికి పనికిరాని రూపంలో ఉంటుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే

భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల్లో, మురుగు కాలవల్లో తేలే ఆకుపచ్చ తెట్టు స్పిరులినా కాదు. దాంట్లో మైక్రోసిస్టిన్ అనే విషం ఉండొచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు. ఆ నీళ్ళు పశువులకి కూడా తాపకండి. స్పిరులినాని క్షారగుణం ఉన్న నీళ్ళలో, శుభ్రమైన తొట్లలో పెంచుతారు. కొంటే పరీక్ష చేయించిన సరుకే కొనండి. సముద్రపు నాచులో అయోడిన్ ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి థైరాయిడ్ ఉన్నవాళ్ళు డాక్టరుగారిని అడిగాకే తినాలి.

నా మాట ఒకటే. ముందు మన పొలంలో పండే పెసలు, మినుములు, తోటకూర, దంపుడు బియ్యంతో పొట్టలోని బాక్టీరియాకి రోజూ మేత వేయండి. వండి చల్లార్చిన చద్దన్నంలో అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది, అదీ వాటికి మేతే. నాచు ఆ పైన అదనం మాత్రమే.