పాత పొగాకు: లాభమెంత, తరుగెంత?

పాతబడిన పొగాకుకు ఘాటు తగ్గి కమ్మదనం వస్తుందన్న మాట నిజమే. నిల్వలో ఆకులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు నెమ్మదిగా మారతాయి. అమ్మోనియా వాసన పోతుంది, రంగు ముదురుతుంది. వర్జీనియా ఆకును రీడ్రయింగ్ చేసి, 12 శాతం తేమకు అటూ ఇటూగా పెట్టెల్లో కట్టి, ఏడాది, రెండేళ్లు ఉంచేది అందుకే. పైపు పీల్చే విదేశీయులు గాలి చొరని సీసాల్లో ఏళ్ల తరబడి దాచుకునేదీ ఇందుకే. వారు అమ్ముకోరు గనుక వడ్డీ లెక్క వేయరు.

వర్తకుడు వేయక తప్పదు. 16 శాతం తేమతో 100 కిలోలు కొంటే, 12 శాతానికి ఆరేసరికి మిగిలేది సుమారు 95.5 కిలోలు. ఏడాదికి నూటికి 12 రూపాయల వడ్డీ అనుకుంటే, ఏడాదిన్నర తర్వాత కిలో ధర దాదాపు 24 శాతం పెరిగితేనే అసలూ వడ్డీ చేతికొస్తాయి. గది అద్దె, కూలి వేరే.

తరుగుకు జంకి తడి ఆకునే బేళ్లు కడితే బూజు పడుతుంది. శ్రీశైలం జలాశయం పక్కనున్న సున్నిపెంటలో వానాకాలం ఆరిన ఆకు కూడా గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మరీ ఎండితే ఆకు పొడుమవుతుంది.

మరో చిక్కు పొగాకు పురుగు. సుమారు 18 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన అది పెరగదు. నంద్యాల ఎండల్లో ఆ చల్లదనం ఎక్కడిది! ఫాస్ఫిన్ వాయువు పట్టించడం శిక్షణ పొందినవారు గోదాములో చేయవలసిన పని. కాపురముండే ఇంట్లో అది ప్రాణాంతకం. ఇంట్లో నిల్వ వేసినవారు తరచు విప్పి చూసి, పుచ్చు కనిపించిన బేలును వెంటనే బయటికి తరలించాలి.