జిరాక్స్ కాగితమూ అమానతే

అస్ర్ నమాజు తరువాత పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి తిరిగి వస్తూ ఇస్నాపూర్ దగ్గర ఒక బజ్జీల బండి ముందు ఆగాము. బండి అతను నాలుగు మిరపకాయ బజ్జీలు కాగితంలో పెట్టి ఇచ్చాడు. తినడం ముగించి కాగితం పారవేయబోతుంటే, దాని మీద ఒక మనిషి ముఖం కనిపించింది. అది ఒడిశాకు చెందిన ఒక యువకుడి ఆధార్ కార్డు జిరాక్స్. పేరు, పుట్టిన తేదీ, ఊరు, పన్నెండు అంకెల నంబరు అన్నీ నూనె మరకల మధ్య స్పష్టంగా ఉన్నాయి. కింద పెన్నుతో అతని ఫోను నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కూడా రాసి ఉన్నాయి.

ఆ నంబరుకు ఫోను చేశాము. రెండేళ్ళ క్రితం ఇక్కడి ఫ్యాక్టరీలో పనికి చేరేటప్పుడు లేబర్ కాంట్రాక్టరుకు ఇచ్చిన కాగితమని అతను చెప్పాడు. పని మానేసి సొంత ఊరికి వెళ్ళి కూడా ఏడాది దాటిందట. మేము చెప్పినదంతా విని, చివరకు హిందీలో ఒకే ప్రశ్న అడిగాడు: "భాయ్ సాబ్, దీనివల్ల నాకేమైనా అవుతుందా?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అందుకే పాఠకులతో కలిసి దాని గురించి ఆలోచించదలిచాము.

తాళం పగలగొట్టని దొంగ

సైబర్ నేరం అనగానే ఎక్కడో చీకటి గదిలో కూర్చుని కంప్యూటర్ల తాళాలు పగలగొట్టే మేధావి మన కళ్ళ ముందు మెదులుతాడు. వాస్తవానికి చాలామంది దొంగలకు తాళం పగలగొట్టే అవసరమే రాదు. తాళంచెవిని మనమే గుమ్మం బయట వదిలేస్తున్నాము. మన పేరు, ఫోను నంబరు, ఖాతా ఉన్న బ్యాంకు, పనిచేసే చోటు, వేలిముద్ర, ఇవే ఆ తాళంచెవులు. వీటిని కాపాడుకోవడమే వ్యక్తిగత సమాచార గోప్యత. గోప్యత లేని చోట సైబర్ భద్రత గోడలు లేని ఇంటికి తలుపు బిగించడం లాంటిది.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంఘటన చూడండి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. అతను బ్యాంకును దోచుకోలేదు, ఏ కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూముల దస్తావేజులను దింపుకున్నాడు. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి, ఆ మనుషులకు తెలియకుండానే వారి పేర్ల మీద వేల సిమ్ కార్డులు తెరిచాడు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికే ఇదంతా చేశాడట! మరో నాలుగేళ్ళకు, 2022లో, సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఒక ముఠా ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి తీసిన వేలిముద్రల నకళ్ళతో, ఆధార్ ఆధారిత చెల్లింపు విధానం ద్వారా ఇతరుల ఖాతాల్లోని సొమ్మునే కాజేసింది. ఈ విధానంలో సొమ్ము తీయడానికి ఏటీఎం కార్డు గానీ, ఓటీపీ గానీ అక్కరలేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. చదువురాని పల్లె ప్రజల సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు, దొంగ చేతికి చిక్కితే వారి పింఛనుకే ఎసరు పెడుతుంది.

ఇక 2023 సంగతి. ఆ ఏడాది మార్చిలో సైబరాబాద్ పోలీసులు దాదాపు 16.8 కోట్ల మంది సమాచారాన్ని అమ్ముకుంటున్న ముఠాను పట్టుకున్నారు. ఆ తరువాత కొద్దిరోజులకే హర్యానాలోని ఫరీదాబాద్ కేంద్రంగా ఈ వ్యాపారం చేస్తున్న మరో వ్యక్తి దొరికాడు. అతని దగ్గర 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు ఉన్నాయని పోలీసులు ప్రకటించారు. అంగడిలో ఉల్లిగడ్డలను రకాలుగా వేరుచేసి కుప్పలు పోసినట్లు, విద్యార్థులు, ఉద్యోగులు, వాహన యజమానులు అంటూ మనుషుల వివరాలను కుప్పలుగా పోసి అమ్మారు.

కాబట్టి ఆ యువకుడి ప్రశ్నకు సగం జవాబు ఇది: ఆధార్ నంబరు ఒక్కటే తెలిసినంత మాత్రాన ఎవరూ ఖాతాలోని సొమ్ము తీయలేరు. కానీ దానికి ఫోను నంబరు, ఖాతా నంబరు, పనిచేసిన ఫ్యాక్టరీ పేరు తోడైతే, "మీ పీఎఫ్ సొమ్ము వచ్చింది, ఓటీపీ చెప్పండి" అంటూ వచ్చే ఫోను నిజమైనదిగానే వినిపిస్తుంది. తెలియని మనిషి మన వివరాలన్నీ సరిగ్గా చెబుతుంటే నమ్మకుండా ఉండగలిగేవారు ఎందరు?

ఒకరి ఫోనులో వందమంది పరువు

"నా దగ్గర దాచడానికి ఏముంది?" అని కొందరు అంటుంటారు. వారు 2020 డిసెంబరును గుర్తుచేసుకోవాలి. కరోనా వల్ల పనులు పోయి ఇబ్బందుల్లో ఉన్న ఎందరో నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌లను ఆశ్రయించారు. ఆ యాప్‌లు ఫోనులోని నంబర్లన్నింటినీ, ఫోటోలను లాక్కున్నాయి. వాయిదా తప్పగానే మేనమామకు, పై అధికారికి, వియ్యంకులకు "వీడు దొంగ" అంటూ సందేశాలు పంపారు. అవమానం భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. 2022లో రిజర్వు బ్యాంకు, అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను, ఫోటోలను తాకరాదని నియమం పెట్టింది. ఆ నియమాన్ని ఖాతరు చేయని దొంగ యాప్‌ల విషయంలో మన జాగ్రత్తే మనకు రక్ష.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అప్పు తీసుకున్నది ఒక్కరే. కానీ ఆ ఫోనులో ఉన్న నంబర్లు వందమందివి. వారెవరూ ఆ యాప్‌కు అనుమతి ఇవ్వలేదు. మనల్ని నమ్మి తమ నంబరు ఇచ్చినవారి అమానతును మనం ఒక్క వేలి స్పర్శతో అపరిచితుల చేతిలో పెడుతున్నాము.

అనుమతి లేనిదే గడప దాటరాదు

ఇస్లాం ఈ విషయంలో పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే స్పష్టమైన హద్దులు గీసింది. దివ్య ఖుర్ఆన్‌లోని 'అన్ నూర్' సూరా, ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాం చెప్పిన తరువాతే ప్రవేశించాలని ఆదేశిస్తోంది. తిరిగి వెళ్ళిపొమ్మంటే తిరిగి వెళ్ళిపోవాలని కూడా బోధిస్తోంది. 'అల్ హుజురాత్' సూరా ఇతరుల గుట్టు కూపీ తీయడాన్ని నిషేధించింది. తలుపు సందులోంచి ఇంట్లోకి తొంగిచూసిన వ్యక్తిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. అనుమతి అడగాలన్న నియమం ఉన్నదే చూపు కోసమని వివరించారు. నేడు ఇంటి తలుపు కంటే ఫోను తెరలోంచే ఎక్కువ చూపులు లోనికి చొరబడుతున్నాయి.

హజ్రత్ అనస్ (రజి) బాల్యంలో జరిగిన ఒక చిన్న సంఘటన మనకు గొప్ప పాఠం. దైవప్రవక్త (స) ఒకసారి ఆయనను ఒక పనిమీద పంపారు. ఆయన ఆలస్యంగా ఇంటికి చేరారు. ఎందుకు ఆలస్యమైందని తల్లి అడిగితే, దైవప్రవక్త పనిమీద వెళ్ళానన్నారు. ఆ పని ఏమిటని అడిగితే, అది రహస్యమని జవాబిచ్చారు. తల్లి కోప్పడలేదు, గుచ్చిగుచ్చి అడగలేదు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే బోధించారు. ఈనాడు మన పిల్లలకు ఫోను వాడటం ఎవరూ నేర్పనక్కరలేదు. ఒకరి మాటను కడుపులో దాచుకోవడం మాత్రం తల్లిదండ్రులే నేర్పాలి.

చట్టం ఆగే చోట

మన దేశపు చట్టం కూడా ఈ దిశగా కదిలింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలను అమలు చేయడానికి సంస్థలకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి. ఆ పనికే వాడాలి. పని తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, చెరిపివేయాలి. భద్రత విషయంలో నిర్లక్ష్యం చేస్తే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మంచిదే. కానీ ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి, లేదా ఆ తరువాత డిజిటల్ రూపంలోకి మార్చిన సమాచారానికి మాత్రమే వర్తిస్తుంది. కంప్యూటర్ ఎక్కకుండా కట్టలో పడి ఉండి, పాతకాగితాల వాడికి కిలోల లెక్కన అమ్ముడుపోయి, బజ్జీల బండికి చేరిన కాగితం దాని పరిధిలోకి రాదు. చట్టం అక్కడ ఆగిపోతుంది. అమానతు ఆగదు. తన ప్రాణం తీయాలని చూసిన మక్కావాసులు దాచుకున్న సొమ్మును సైతం, హిజ్రత్ వేళ, సొంతదారులకు అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచిన ప్రవక్త (స) అనుచరులం మనం. అమానతులో ద్రోహం చేయడం కపటి లక్షణమని వింటూ పెరిగినవాళ్ళం.

అంటే వివరాలు అడగడమే తప్పా? కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు మరణించారు. ఎన్నో మృతదేహాలను డీఎన్ఏ పరీక్షలతోనే గుర్తించవలసి వచ్చింది. అలాంటి వేళ పనిలో ఎవరున్నారో తెలిపే జాబితా, ఇంటివారి ఫోను నంబరు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? వివరాలు తీసుకోవాలి, భద్రంగా ఉంచాలి, అవసరం తీరాక నాశనం చేయాలి. మొదటిది చేసి మిగతా రెండూ వదిలేయడమే ద్రోహం.

ముందు మన ఇల్లు

ఇతరులను వేలెత్తి చూపే ముందు మన సంస్థలను చూసుకుందాం. రమజాన్ మాసంలో రేషన్ కిట్ల కోసం వితంతువుల నుండి, పేదల నుండి తీసుకున్న ఆధార్ నకళ్ళు పండుగ తరువాత ఎక్కడుంటున్నాయి? కిట్టు అందుకుంటున్న స్త్రీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఎవరి మేలు కోసం? కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి కూడా తెలియనంత గోప్యంగా దానం చేసేవారిని దైవప్రవక్త (స) ప్రశంసించారని మనకు తెలియదా? పెళ్ళి సంబంధాల పేరిట ఆడపిల్లల ఫోటోలు, ఫోను నంబర్లు ఉన్న బయోడేటాలు ఊళ్ళు దాటి, వారి తండ్రులు ఎన్నడూ చూడని గ్రూపుల్లో తిరుగుతున్నాయి. సంబంధం కుదిరినా అవి ఆగవు. వీటిని పంపేవారిలో చెడ్డవారు తక్కువే. ఆలోచించనివారే ఎక్కువ.

ఒంటెను కట్టిన తరువాతే

ఒంటెను కట్టివేసి ఆ పైన అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ మనకు సుపరిచితమే. ఈ విషయంలో కట్టవలసిన ముళ్ళు కొన్ని:

ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చెల్లుతుందేమో ముందు అడగండి. పూర్తి నకలే కావాలంటే, ఏ పనికోసం, ఏ తేదీన ఇచ్చారో దానిమీద అడ్డంగా రాసి సంతకం చేయండి.

ఆధార్ యాప్ ద్వారా మీ వేలిముద్రలకు తాళం వేసుకోండి. అవసరమైనప్పుడు తెరిచి మళ్ళీ వేసుకోవచ్చు. ఇంట్లోని పెద్దవారికి పిల్లలే ఈ పని చేసిపెట్టాలి.

మీ పేరుమీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో ప్రభుత్వ 'సంచార్ సాథీ' వెబ్‌సైటులో చూసుకోండి. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయండి.

నెట్ సెంటరులో పత్రాలు ప్రింటు తీయించాక, ఆ కంప్యూటర్ నుండి మీ కళ్ళ ముందే తొలగించమని అడగండి. మొహమాటపడకండి.

సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకోకండి.

మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, గదులు అద్దెకిచ్చేవారు, దుకాణదారులు, మస్జిద్ కమిటీల బాధ్యులు ఏడాదికి ఒకసారైనా పాత కాగితాల కట్టలు విప్పండి. ఉంచవలసినవి బీరువాలో పెట్టి తాళం వేయండి. అక్కరలేనివి చింపివేయండి లేదా తగులబెట్టండి. పాతకాగితాల వాడు ఇచ్చే పదీ ఇరవై రూపాయల కోసం ఒకరి జీవితాన్ని తూకం వేయకండి.

వారం తరువాత ఆ యువకుడికి మళ్ళీ ఫోను చేసి ఈ జాగ్రత్తలన్నీ చెప్పాము. అతని కాగితాన్ని ముక్కలుగా చింపివేశామని కూడా చెప్పాము. అతను "షుక్రియా" అని కాసేపు ఊరుకున్నాడు. తరువాత లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కాంట్రాక్టరుకు రెండు, గది యజమానికి ఒకటి, సిమ్ దుకాణంలో ఒకటి, బ్యాంకు ఖాతా తెరిపించిన మనిషికి ఒకటి... "మరి అవన్నీ ఎవరి దగ్గర ఉన్నాయి, భాయ్ సాబ్?"

పాఠక సోదరులారా, సోదరీమణులారా! వాటిలో ఒకటి మన దగ్గరే ఉందేమో, ఈ రోజే వెదికి చూద్దాం. ప్రతి అమానతు గురించి ప్రశ్న ఎదురయ్యే రోజు రాకముందే దానిని భద్రపరిచే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.