శివరాత్రి నుంచి ఉగాది దాకా: బాయి డ్యూటీ ఇళ్లకు ప్రయాణాల చిట్కాలు

మన గోదావరిఖనిలో చలి పోయాక ఎండ వచ్చేదాకా ఉండే మంచి రోజులు చాలా తక్కువ. శివరాత్రికి చలి తగ్గుతుంది, ఉగాది పచ్చడి తిన్నామో లేదో రామగుండం ఎండ నెత్తి మీద కూర్చుంటుంది. నడుమ దొరికేది ఒక్క నెల, పైన ఒకటి రెండు రోజులు. మొక్కులు, తల్లిగారింటి రాకపోకలు, పిల్లలకు చూపిస్తామన్న ఊర్లు, అన్నీ ఆ నెలలోనే తీరాలి. మా ఆయనది సింగరేణి బొగ్గు బాయి డ్యూటీ. పెళ్లైన కొత్తలో అన్నీ ఎండాకాలం సెలవులకు వాయిదా వేసి, మే నెలలో చంటిపిల్లతో పోయి వడదెబ్బతో తిరిగొచ్చాం. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నా. ఇవన్నీ నేను చేసి చూసినవే వదినా, మీ ఇంటికి ఏవి కుదిరితే అవి పట్టుకోండి.

1. సంక్రాంతి పోగానే గోడ క్యాలెండర్ దించి ఆయన షిఫ్టులు రాయండి: ఫస్ట్‌కు ‘ఫ’, సెకండ్‌కు ‘సె’, నైట్‌కు ‘నై’. ఏ వారం ఎక్కడికి పోవచ్చో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ఆలుమగల మధ్య సగం కొట్లాట అక్కడే తప్పుతుంది.

2. సెకండ్ షిఫ్ట్ వారంలో పొద్దున పోయి పదకొండుకల్లా ఇల్లు చేరే దగ్గరి ఊర్లే పెట్టుకోండి. దూరం ఊర్లకు వీక్లీ రెస్టుకు ముందో వెనకో ఒక సీఎల్ కలిపితే రెండు రోజులు చేతికొస్తాయి.

3. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషిని బండి ఎక్కించకండి, ఎంత దగ్గరి ఊరైనా సరే. ఒకసారి మేమట్లనే బయల్దేరితే గోదావరి బ్రిడ్జి దాటగానే ఆయన తల ముందుకు వాలింది, వీపు మీద గట్టిగా చరిచి ఆపించా. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే మాట: నైట్ దిగితే ముందు ఐదు గంటల నిద్ర, ఆ తర్వాతే ఊరు, అది కూడా బస్సులోనే.

4. జనవరిలోనే ఆయన మస్టర్లు (హాజర్లు) ఎన్ని పడ్డాయో, ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు) ఎన్ని ఉన్నాయో అడిగి రాసిపెట్టుకోండి. ఏడాదికి లెక్క ప్రకారం హాజర్లు నిండితేనే ఆ సెలవులు వస్తాయి. ఉన్న సెలవు తెలిస్తే నాగా పెట్టి జీతం పోగొట్టుకునే పని ఉండదు.

5. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ వచ్చినప్పుడే పదో వంతు తీసి వేరే ఖాతాలో వేయండి. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ డబ్బులు ఎక్కడ పోయాయో ఎవరికీ గుర్తుండదు, ప్రయాణాల ఖర్చేమో అప్పుడే మొదలవుతుంది. నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ డబ్బు మిగిల్చింది ఇదే.

6. ఆదివారం ప్లేడే (సెలవు రోజు డ్యూటీ) దొరికితే ఆ పైసలు ఇంటిఖర్చులో కలపకుండా ప్రయాణాల డబ్బాలో వేయండి. మూడు ప్లేడేలైతే మా నలుగురికీ ఒక రాత్రి బస, తిండి వెళ్లిపోయాయి.

7. నాలుగేళ్ల బ్లాకులో ఎల్‌టీసీ, ఎల్‌ఎల్‌టీసీ (సెలవు ప్రయాణాల భత్యాలు) వాడుకున్నారా లేదా అని ఒకసారి ఆఫీసులో కనుక్కోండి. గడువు దాటాక బాధపడి లాభం లేదు.

8. ఇంట్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే మార్చి నెలను వాళ్లకే వదిలేయండి. ఫిబ్రవరిలో ఒక్కరోజు మొక్కు తీర్చుకుని రండి, మిగతావి వచ్చే ఏడాదికి.

9. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక బడి వదిలిన మధ్యాహ్నం పూట పిల్లలను బయటికి తీయకండి. ఆ వేళకు మన దగ్గర ఎండ అప్పుడే చుర్రుమంటుంది.

ఇక దారుల సంగతి.

10. ఆడవాళ్లం ఆధార్ ఒరిజినల్ పర్సులోనే పెట్టుకోవాలి, జిరాక్స్ నమ్ముకోకండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మనకు జీరో టికెట్. అత్తాకోడళ్లు, ఆడపిల్లలు కలిసి పోతే ఇంటాయన ఒక్కడి చార్జీతో కరీంనగర్ పోయి రావచ్చు.

11. సూపర్ లగ్జరీ ముందొచ్చిందని తొందరపడి ఎక్కకండి, దాంట్లో ఉచితం లేదు. కాసేపు ఆగి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆ డబ్బులు కొబ్బరికాయలకు, పిల్లల బొమ్మలకు సరిపోతాయి.

12. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది (2024 నవంబర్ కంటే ముందు 120 ఉండేది). శివరాత్రి తర్వాతి ప్రయాణానికి సంక్రాంతి లోపే టికెట్ తీయండి.

13. తత్కాల్ తప్పకపోతే ముందురోజు ఏసీకి పొద్దున 10, స్లీపర్‌కు 11 గంటలకు కూర్చోండి. రైల్వే ఖాతాకు ఆధార్ ముందే జోడించి పెట్టుకోకపోతే ఆ రోజు ఎంత తొందరపడ్డా పని కాదు.

14. సింగరేణి చుట్టరికాన్ని వాడుకోండి. కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, మందమర్రి, బెల్లంపల్లి, ఎక్కడ చూసినా మన బాయిల నుంచి ట్రాన్స్‌ఫర్ అయి పోయిన ఇల్లు ఒకటి ఉంటుంది. భద్రాచలం పోయేవాళ్లు కొత్తగూడెంలో వాళ్లింట్లో రాత్రి పడుకుంటే లాడ్జి ఖర్చు మిగులుతుంది, పాత స్నేహం కూడా నిలబడుతుంది. ఒట్టి చేతులతో మాత్రం పోకండి, వాళ్లు మన దగ్గరికి వచ్చినప్పుడు మంచం వేయడం మరిచిపోకండి.

15. కొండగట్టు అంజన్నకు మంగళ, శనివారాలు, వేములవాడ రాజన్నకు ఆది, సోమవారాలు తప్పించండి. బుధవారమో గురువారమో పోతే లైన్ల నిలబడే గంటలు తగ్గుతాయి, పెద్దవాళ్ల మోకాళ్లు మిగులుతాయి.

16. వేములవాడలో కోడె మొక్కు, కొండగట్టులో పిల్లల పుట్టువెంట్రుకలు, రెండూ ఉంటే ఒకే ప్రయాణంలో ముగించండి. రెండింటికీ కరీంనగర్ మీదుగా పోవచ్చు కాబట్టి రెండోసారి చార్జీ, రెండోసారి సెలవు తప్పుతాయి.

17. ధర్మపురి నర్సన్న దగ్గరికి మంచిర్యాల, లక్సెట్టిపేట, రాయపట్నం బ్రిడ్జి మీదుగా పోయి చూడండి. బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలోనే వస్తాయి. ఉత్సవం చూడాలంటే ఆ రోజుల్లో పోండి, తీరుబడిగా మొక్కాలంటే అవి అయిపోయాక పోండి.

18. కాళేశ్వరానికి చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో శివరాత్రి నాడు పోకండి, వారం ఆగండి. ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడు, ముక్తీశ్వరుడు, రెండు లింగాలు కళ్లారా కనబడాలంటే తొక్కిసలాట లేని రోజే మేలు.

19. కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే చోట స్నానం మెట్ల దగ్గరే చేయండి, మోకాలి లోతు దాటకండి. పైకి చూస్తే ఇసుక చదునుగానే ఉంటుంది, కింద గుంతలుంటాయి. పిల్లల చేయి ఒకరు పట్టుకోవాలి, బట్టలు ఇంకొకరు కాయాలి, ఈ పంచాయితీ ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి.

20. రామగిరి ఖిల్లా ఎక్కాలంటే తెల్లవారకముందే ఇల్లు కదలండి, పదింటికల్లా కిందికి దిగండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకుపోవాల్సిందే, కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేయండి.

21. మొసళ్లను చూడాలంటే ఎల్‌మడుగుకు చలి పూర్తిగా పోకముందే, పొద్దుటి పూట పోండి. ఒళ్లు కాచుకోవడానికి అవి ఒడ్డుకు వచ్చేది అప్పుడే. నీళ్ల దగ్గరికి మాత్రం పిల్లలను పోనివ్వకండి.

22. భూపాలపల్లి మీదుగా రామప్ప, లక్నవరం ఒకే రోజు చుట్టి రావచ్చు. పొద్దున గుడి, సాయంత్రం చెరువు మీద ఊగే బ్రిడ్జి, ఇదే వరుస పెట్టుకోండి. రామప్ప 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ నల్లరాతి బొమ్మలను తీరుబడిగా చూడాలంటే రెండు గంటలైనా కావాలి.

23. బాసరలో అక్షరాభ్యాసం రోజూ చేస్తారు. వసంత పంచమి నాడే చేయించాలని పట్టుబట్టకుండా జూన్‌లో బడికి పంపేలోపు మామూలు రోజు చూసుకోండి, పొద్దంతా లైన్ల నిలబడే బాధ పోతుంది.

24. మంథని అడవి దారిలో ఫాల్గుణంలో మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. రాలిన పూలు ఒక సంచి ఏరుకొచ్చి రాత్రి మరిగిన నీళ్లలో నానేసి వడగట్టండి. హోలీకి పైసా ఖర్చు లేని రంగు, పిల్లల ఒంటికి దురద లేదు.

సద్ది సంగతికొస్తే, హోటల్‌ మీద ఆధారపడే ప్రయాణం నాకు నచ్చదు.

25. పులిహోరకు చింతపండు పులుసును నూనె పైకి తేలేదాకా ఉడికించండి, అన్నం పూర్తిగా ఆరాక కలపండి. ఉల్లిగడ్డ వేయకపోతే పొద్దున కలిపింది సాయంత్రం దాకా చెడదు.

26. పెరుగన్నానికి పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పెట్టండి. గోరువెచ్చని పాలు పోసి ఒక చెంచా పెరుగు కలిపితే దారిలోనే తోడుకుంటుంది, మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది.

27. సర్వపిండి ముందురోజు రాత్రే చేసి, బాగా ఆరాక పల్చటి గుడ్డలో చుట్టండి. వేడి మీద డబ్బాలో పెడితే చెమట పట్టి మెత్తబడుతుంది.

28. సంక్రాంతి సకినాల్లో ఒక డబ్బా ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి. గాలి పోకుండా మూత పెడితే శివరాత్రి దాకా కరకరలాడతాయి, బస్టాండుల్లో చిప్స్ పాకెట్ల ఖర్చు ఉండదు.

29. నీళ్ల స్టీలు సీసాకు తడిగుడ్డ చుట్టి బస్సు కిటికీ పక్కన పెట్టండి. గాలి తగిలి నీళ్లు చల్లగా ఉంటాయి, చల్లటి సీసాలు కొనక్కర్లేదు.

ఇల్లు తాళం వేసే ముందు ఇవి చూసుకోండి.

30. రగ్గులు, స్వెటర్లు ఉతికి బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టెలో పెట్టండి. పచ్చి వేపాకు వేస్తే బట్టలకు మరక పడుతుంది. ఒక్క శాలువా మాత్రం బయట ఉంచండి, ఫిబ్రవరి రాత్రి రైల్లో చలి వదలదు.

31. మంచాలు, టీవీ, పొయ్యి గట్టు పాత నూలు చీరలతో కప్పి పోండి. తిరిగొచ్చాక చీరను లోపలికి మడిచి బయట దులిపితే మూడు రోజుల బొగ్గు దుమ్ము ఒక్క దెబ్బకు పోతుంది.

32. వచ్చీ రాగానే చీపురు పట్టకండి, ముందు తడిగుడ్డ పెట్టండి. బొగ్గు దుమ్మును పొడిగా ఊడిస్తే లేచి మళ్లీ అక్కడే పడుతుంది, పని రెండింతలు.

33. ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ) బ్లాస్టింగ్‌కు ఇల్లు అదిరే కాలనీల్లో ఉండేవాళ్లు గాజు సామాను కింది అరలోకి దించి, నడుమ గుడ్డలు పెట్టండి. మా ఇంట్లో పెళ్లినాటి గ్లాసులు ఇప్పటికీ ఉన్నాయంటే అందుకే.

34. కూలర్ గడ్డి, పంపు ఫిబ్రవరిలోనే కొని బిగించి పోండి. ఏప్రిల్‌లో ధరలు పెరుగుతాయి, మెకానిక్ దొరకడు.

35. పక్కింటి వదినకు తాళంచెవి, ఫోన్ నంబర్ ఇచ్చి పోండి. నల్లా వచ్చినప్పుడు ఆమె మన డ్రమ్ము నింపితే, ఆమె ఊరికి పోయినప్పుడు మనం నింపుదాం.

చివరగా ఇంకొన్ని మాటలు.

36. తల్లిగారింట్లో ఒడిబియ్యం పోయించుకునేది ఉంటే అక్కచెల్లెళ్లందరికీ ఒకే రోజు కుదుర్చుకోండి. అన్నదమ్ములకు ఒక్క దావత్‌తో పోతుంది, మనకు ఏడాదికోసారైనా అందరం కలిసి కూర్చున్నట్టు అవుతుంది.

37. శ్రీరామనవమికి భద్రాచలం పోలేనివాళ్లు ఆర్టీసీ కార్గోలో ముత్యాల తలంబ్రాలు బుక్ చేసుకోండి, ఇంటికే వస్తాయి. 2025లో తీసుకున్నది రూ.151. ఆ ఎండలో ముసలివాళ్లను తిప్పడం కంటే ఇది మేలు.

38. 2027లో గోదావరి పుష్కరాలు. మన ఊరు గోదారి ఒడ్డునే ఉంది కాబట్టి చుట్టాలందరూ మన ఇంటికే వస్తారు. చాపలు, దుప్పట్లు, పెద్ద గిన్నెలు ఇప్పటి నుంచే ఒక్కొక్కటి కొనిపెట్టుకుంటే అప్పుడు ఒకేసారి భారం పడదు.

39. రిటైరైన పెద్దాయన ఇంట్లో ఉంటే మొదటి ప్రయాణం ఆయనతో పెట్టుకోండి. మా మామయ్య ముప్పై ఏళ్లు బాయిలోకి దిగారు. డ్యూటీ, ప్లేడే అంటూ పక్కనున్న కాళేశ్వరం కూడా తీరుబడిగా చూడలేదు. పోయినేడు రామప్ప గుడిలో ఒక స్తంభం దగ్గర కూర్చుని ఆ రాతిని చేత్తో నిమురుతూ గంటసేపు లేవలేదు. మీ ఇంటి పెద్దాయనను కూడా మోకాళ్లు సహకరిస్తుండగానే, ఈ నెలలోనే తీసుకుపోండి.