బిల్డ్ సాధనములు - ప్లగిన్ వెర్షన్ల అదుపు

కుప్పము నుండి రైలెక్కి బెంగళూరు సాఫ్ట్‌వేరు కార్యాలయములకు పోవు యువకులకు ఈ చిక్కు క్రొత్త కాదు: నిన్న చక్కగా తయారైన ప్రోగ్రాము, ఒక్క అక్షరమైనను మార్చకయే, నేడు తయారు కాదు.

కారణమేమి? జావా ప్రోగ్రాములను కూర్చు మావెన్ అను బిల్డ్ సాధనము తన పనులను ప్లగిన్లు అను చిన్న ఉపకరణముల చేత చేయించును. ప్లగిన్ పేరు వ్రాసి వెర్షన్ సంఖ్య విడుచుట, హకీము నుస్ఖాలో మందు పేరు వ్రాసి తూకము మరచినట్లే. అప్పుడు సాధనము తానే క్రొత్తదానిని దించుకొనును. 2008లో వెలువడిన 2.0.9 నుండి ముఖ్యమైన ప్లగిన్లకు మావెనే వెర్షన్లను నిర్ణయించినది. 2010 నాటి 3.0, సంఖ్య లేనిచో హెచ్చరించును. హెచ్చరికలను చదువువారెందరన్నది వేరు మాట!

మావెన్ సెంట్రల్ భాండాగారమున ఒకసారి ప్రకటించిన వెర్షన్ మారదు. అన్నిచోట్ల అట్లు కాదు. 2025 మార్చిలో గిట్‌హబ్‌నందు ‘చేంజ్డ్-ఫైల్స్’ అను బిల్డ్ ఉపకరణపు పాత వెర్షన్ గుర్తులనే దుండగులు హానికరమైన కోడు వైపు త్రిప్పిరి. దానిని వాడిన బిల్డుల రహస్య సంకేతములు లాగులలో బయటపడినవి. గుర్తుకు బదులు పూర్తి కమిట్ హ్యాష్‌ను ముందే వ్రాసి, దానిని కదల్చనివారికి ఆ దెబ్బ తగులలేదు.

అట్లని నవీకరణ మానరాదు. పాత ప్లగిన్ల లోపములు పాతవిగానే యుండిపోవును. వెర్షనును మనుష్యుడే మార్చి, నాడే పరీక్షింపవలెను. సంఖ్య లేని ప్లగిన్ కనబడినచో బిల్డునే నిలిపివేయు నియమము మావెన్ ఎన్‌ఫోర్సర్‌లో కలదు. పోమ్ ఫైలులో కొద్ది పంక్తులు చేర్చిన చాలును.