నోటికీ ఒక్కపొద్దే

2019లో రంజాన్ చివరి ఒక్కపొద్దులు రోహిణి కార్తెలో పడ్డాయి. పొద్దుటూరు ఎండ గురించి ఆ వైపు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నర లోపే సహరీ ముగించాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా, 14 గంటలకు పైగా, గొంతులో చుక్క నీరు పడదు. ఇరవై అయిదో రోజు అసర్ నమాజు చదువుకుని దర్జీ దగ్గరికి వెళ్లాను. రంజాన్‌కు ముందటి షాబాన్ నెలలో ఇచ్చిన గుడ్డ అది. పిల్లలకు రెండు జతలు, నాకొక కుర్తా. ఇంకా కత్తెరే పడలేదన్నాడు.

నేను అరిచాను. బజారంతా వినేటట్టు అరిచాను. మాట నిలబెట్టుకోలేనివాడివి నీకు రోజాలెందుకు, నమాజులెందుకు అన్నాను. నాకంటే పదేళ్లు పెద్దవాడాయన. కుట్టు మిషను మీద ఆడుతున్న కాలు ఆపి, తలెత్తి, "నేను రోజాలో ఉండాను సార్" అన్నాడు. నేను ఆగలేదు. ఇంకో రెండు మాటలు తూలాను. మళ్లీ అదే గొంతుతో, "నేను రోజాలో ఉండాను సార్" అన్నాడు. అని, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

రోజాలో ఉన్నది ఆయనొక్కడే కాదు, నేనూ ఉన్నాను. ఆ సంగతి నాకు మసీదు సందు మలుపు దగ్గర గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే రుచి తెలియలేదు. పొద్దుటినుంచి నేను కాపాడుకుంటూ వచ్చిందేమిటి? ఖాళీ కడుపొక్కటే.

కోపం నాకు చిన్ననాటినుంచీ ఉంది. మా వంశంలోనే ఉంది, రక్తంలోనే ఉంది అని చెప్పుకు తిరిగేవాణ్ణి. నేను చెప్పే క్లాసులో పిల్లలు భయపడితే అది క్రమశిక్షణ అనుకున్నాను. ఇంట్లో ఇఫ్తార్‌కు ముందు అరగంట ఎవరూ నా ఎదుటికి వచ్చేవాళ్లు కాదు. నా భార్య షర్బత్ గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్లిపోయేది. అది మర్యాద అనుకున్నాను. భయమని ఒప్పుకోవడానికి నాకు ఇరవై రంజాన్‌లు పట్టాయి. ఇరవై ఏళ్లలో ఒక్క రోజా విడవలేదని లెక్క చెప్పుకున్న మనిషిని నేను.

మా జేజి రోజాను 'ఒక్కపొద్దు' అనే అనేది. పసితనంలో నాకు అది అన్నానికి సంబంధించిన మాటగానే అర్థమైంది. అరబ్బీలో 'సౌమ్' అంటే అసలు అర్థం ఆపుకోవడం. దేన్ని ఆపుకోవాలన్నది తర్వాతి మాట. ఖుర్ఆన్‌లో మర్యమ్ సూరా చూడండి. పసిబిడ్డను ఎత్తుకుని జనంలోకి వెళ్లబోతున్న మర్యమ్‌కు, ఎవరైనా కనిపిస్తే నేను సౌమ్ మొక్కుకున్నాను, ఈ రోజు ఏ మనిషితోనూ మాట్లాడను అని తెలపమని ఆదేశం వస్తుంది. అక్కడ ఆమె ఆపుకున్నది తిండి కాదు, మాట. మన పల్లెల్లో మౌనవ్రతం పట్టే వాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఇక రంజాన్ ఉపవాసాలను విధించిన ఆయతు బఖరా సూరాలో 183వది. అది హిజ్రీ రెండో ఏట, అంటే 624 ప్రాంతంలో, మదీనాలో వచ్చిన ఆజ్ఞ. అందులో ఉపవాసం ఎందుకో చెప్పేశాడు అల్లాహ్: మీలో తఖ్వా కలగాలని. చూసే మనుషులు లేకపోయినా, చూసేవాడు ఉన్నాడన్న మెలకువ అది.

ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను. నీళ్లు హలాల్. భార్య వండిన అన్నం హలాల్. అల్లాహ్ కోసం హలాలైన వాటినే పొద్దంతా విడిచిపెట్టిన మనిషి, ఏ నెలలోనైనా హరామే అయిన తిట్టును, చాడీని, అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని నములుతుంటే దాన్ని ఏమనాలి? పరోక్షంలో ఒకరి చెడు చెప్పుకోవడాన్ని ఖుర్ఆన్ చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. రోజాలో ఉండి అరుగు మీద కూర్చుని పక్కింటివాడి గురించి మాట్లాడుతున్నావే, నువ్వు తింటున్నదేమిటి? అబద్ధపు మాటలు, అబద్ధపు పనులు మాననివాడు అన్నపానీయాలు మానడంతో అల్లాహ్‌కు పని లేదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఈ నెలలో సైతానులను బంధిస్తారని కూడా హదీసు ఉంది. మరి ఆ సాయంత్రం బజార్లో అరిచిందెవరు? నేనే. నెపం వేయడానికి ఇంకెవరూ లేరు.

దర్జీ చెప్పిన ఆ మాట ఆయన సొంతం కాదు. ఉపవాసి బూతులాడకూడదు, కేకలు వేయకూడదు, ఎవరైనా తిట్టినా, తగువుకు వచ్చినా నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పాలి అన్నది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు. రెండుసార్లు చెప్పాలని కూడా ఒక రివాయతులో ఉంది. ఈ హదీసు నేను వందసార్లు విన్నాను. బతికించి చూపించినవాడు మాత్రం ఆయనే.

ఆ మాటను నోటికి అలవాటు చేసుకోవడం, నాకు తెలిసిన సాధన ఇదొక్కటే. మిగతావన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, దీన్ని మాత్రం నా చేత వివరంగా చెప్పనివ్వండి.

2020లో మొదలుపెట్టాను. లాక్‌డౌన్ రంజాన్ అది. మసీదులు మూసి ఉన్నాయి, తరావీహ్ నమాజు ఇంట్లోనే. బయట అరవడానికి మనుషులు లేరు, ఉన్నది ఇంటివాళ్లే. పరీక్ష ఎక్కడ జరగాలో అక్కడే జరిగింది. సహరీ తిని నియ్యత్ చేసుకున్నాక రెండు నిమిషాలు కూర్చునేవాణ్ణి. ఈ రోజు నాకు కోపం ఎక్కడ రావచ్చు? మూడు చోట్లు వెతికి పెట్టుకునేవాణ్ణి. చిన్నవాడు ఆన్‌లైన్ క్లాసు ఎగ్గొడితే. పాలవాడు ఆలస్యమైతే. పైపు నీళ్లు రాకపోతే. ఒక్కోదానికి ఎదురుగా అదే వాక్యం పెట్టుకునేవాణ్ణి: అప్పుడు, నేను రోజాలో ఉన్నాను అంటాను.

పైకి అనాలా, మనసులోనా అని ఉలమాలలో చర్చ ఉంది. ఫర్జ్ (తప్పనిసరి) అయిన రంజాన్‌లో పైకి అనవచ్చు, నఫిల్ (ఐచ్ఛిక) ఉపవాసాల్లో గొప్ప చెప్పుకున్నట్టు కాకుండా లోపల అనుకోవాలి అన్న అభిప్రాయం నాకు నచ్చింది. నా అనుభవంలో మొదటిసారి పైకి అనాలి, రెండోసారి లోపల. మొదటిది ఎదుటివాడికి, రెండోది మనకు. మనకే ఎక్కువ అవసరం. అయితే గొంతు ముఖ్యం. 'నేను రోజాలో ఉన్నాను, నన్ను కదిలించొద్దు' అన్నట్టు హుంకరిస్తే అదీ తిట్టే. మొదటి వారమంతా నేను చేసింది అదే. మా ఆవిడ ఊరుకుంది గానీ నోట్‌బుక్ ఊరుకోలేదు.

అవును, నోట్‌బుక్. పిల్లాడు సగం రాసి వదిలేసినది. తరావీహ్ అయ్యాక ఆ రోజు నోరు జారిన సందర్భాలను అందులో గీతలుగా గీసేవాణ్ణి. వివరం రాయను, సంజాయిషీ రాయను, గీతే. మొదటి పది రోజుల్లో 17. రెండో పదిలో 19, పెరిగింది. వదిలేద్దామనుకున్నాను. చివరి పదిలో 8. పండగ రోజు ఆ ఎనిమిదింటిని చూసుకుని ఏడ్చాను. ఎనిమిది తప్పుల మనిషిగా నేను అంతకుముందు ఎన్నడూ బతకలేదు.

ఇమామ్ గజాలీ 1111లో కన్నుమూశారు. ఆయన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో ఉపవాసానికి మూడు మెట్లు చెప్పారు. కడుపును ఆపడం అందరి ఉపవాసం. కన్ను, చెవి, నాలుక, చెయ్యి, కాలు ఆపడం సజ్జనుల ఉపవాసం. మనసును అల్లాహ్ తప్ప మరో చింత లేకుండా ఆపడం ఆ పైది. అదే గ్రంథంలో నాలుక తెచ్చే ఆపదలు ఇరవై లెక్కపెట్టారు. నేను రెండో మెట్టు కింద నిలబడి ఉన్నాను, ఒక కాలు పైన పెట్టి.

మనస్తత్వ శాస్త్రవేత్తలూ ఈ మధ్య దగ్గర దగ్గరగా ఇదే చెబుతున్నారు. ఫలానా సందర్భం వస్తే ఫలానాది చేస్తాను అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే బాగుపడతాననుకున్న వాళ్లకంటే మాట నిలుపుకుంటారట. గోల్‌విట్జర్ అనే ఆయన దీని మీద చాలా పని చేశారు. లండన్‌లో మరో పరిశోధన, ఒక అలవాటు నాటుకోవడానికి సగటున 66 రోజులు పడుతుందని తేల్చింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 పట్టవచ్చన్నారు. ముప్పై రోజులు చాలవన్నమాట. అందుకేనేమో షవ్వాల్ నెలలో ఆరు రోజాలు ఉంటే ఏడాదంతా ఉపవాసమున్నట్టే అన్నారు ప్రవక్త. ఒకటికి పదింతల పుణ్యం చొప్పున 36కు 360. నేను ఆ ఆరూ ఉంటాను, సోమ, గురువారాల్లో వీలైనప్పుడల్లా ఉంటాను. నోట్‌బుక్ ఏడాదంతా బల్ల మీదే ఉంటుంది.

మగవాళ్లకు ఒక మాట. ఇఫ్తార్‌కు పన్నెండు రకాలు కావాలంటారు. సమోసాలు, పకోడీలు, పండ్లు, గంజి, షర్బత్. అవన్నీ చేసేదెవరు? ఆమె కూడా రోజాలోనే ఉంది. పొయ్యి ముందు నిలబడి, ఉప్పు చూడటానికైనా నోట్లో వేసుకోవడానికి వెనకాడుతూ చేస్తుంది. మీరు మసీదులో మొదటి వరుసలో ఉంటారు, ఆమె ఖుర్ఆన్ తెరవడానికి అరగంట దొరకదు. ఖర్జూరంతో, నీళ్లతో రోజా విరమించారు ప్రవక్త. అంతకంటే ఎక్కువ అడిగే ముందు ఉల్లిపాయలు తరగండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, మీరు తొందరగా నేర్చుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సహరీ మానకండి, అందులో బర్కత్ ఉంది. రోజుకో పారా చదివితే నెలకు ఖుర్ఆన్ మొత్తం అవుతుంది, కాకపోతే అర పారా చదవండి, అర్థం తెలుసుకుంటూ చదవండి. జకాత్ అంచనాగా ఇవ్వకండి, కాగితం మీద లెక్కకట్టి నూటికి రెండున్నర తీయండి. ఫిత్రా దానం పండగ నమాజుకు ముందే పేదవాడి ఇంటికి చేరాలి. జబ్బుతో ఉన్నవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు తర్వాత రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని ఖుర్ఆనే సడలింపు ఇచ్చింది. షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొండికేయకండి. ఫోను పక్కన పెట్టండి.

జారిపోయిన వాళ్లకు, ఇప్పటికే సగం నెల కోపంతో, బద్ధకంతో పోయిందనుకునే వాళ్లకు చెబుతున్నాను. ఇంకా చివరి పది రోజులున్నాయి. వాటి బేసి రాత్రుల్లో లైలతుల్ ఖద్ర్‌ను వెతకమన్నారు. వెయ్యి నెలలకంటే మేలైన రాత్రి అది. వెయ్యి నెలలంటే 83 ఏళ్ల నాలుగు నెలలు, ఒక నిండు జీవితం. మిగతా మంచి పనులకు పదింతల నుంచి ఏడువందల ఇంతల ప్రతిఫలం లెక్క ఉంది. రోజాకు ఆ లెక్క లేదు, అది నాది, దానికి ఎంతివ్వాలో నేనే చూసుకుంటాను అన్నాడు అల్లాహ్. తలుపు మూసిన గదిలో, పక్కన కుండ నిండా నీళ్లుండి, చూసేవాడెవడూ లేకపోయినా నువ్వు తాగలేదు. అంత నిగ్రహం నీలో ఉంది. ఒక మాటను మింగలేనంటే నేను నమ్మను.

ఇప్పుడు నేను గుడ్డ షాబాన్‌లో కాదు, దానికి ముందు నెల రజబ్‌లోనే ఇస్తున్నాను. అదే దర్జీకి. మూడేళ్లు మాట ఎత్తలేకపోయాను. నాలుగో ఏడు కొలత తీస్తుంటే చెప్పాను, ఆ రోజు అట్లా అన్నందుకు మాఫ్ చెయ్యి మాస్టర్ అని. ఆయన టేపు మెడలో వేసుకుని కాసేపు ఆలోచించాడు.

"ఎప్పుడు సార్? ఆ పండగ ముందర ఎంతమందికి చెప్పింటానో ఆ మాట" అన్నాడు. చెయ్యి ఎత్తమని, చంక కింద కొలత తీసుకున్నాడు.